నర్సింగ్ చదువుతూ సీఎన్ఏగా చేయాలా? అమెరికాలోని తెలుగు స్టూడెంట్లకు ఒక నర్సు సలహా

నేను పనిచేసే హాస్పిటల్లో మా ఫ్లోర్‌కి క్లినికల్స్‌కి, అంటే కోర్సులో భాగంగా పేషెంట్ల దగ్గర చేసే ప్రాక్టికల్స్‌కి, వచ్చే నర్సింగ్ స్టూడెంట్లలో తెలుగువాళ్లు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. ఇక్కడే పెరిగిన పిల్లలు కొందరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీటెక్, ఎంసీఏ చేసి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, పిల్లలు బడికెళ్లే వయసు వచ్చాక నర్సింగ్ వైపు మళ్లిన ఆడవాళ్లు ఇంకొందరు. నా బ్యాడ్జి మీద పేరు చూసి తెలుగని పోల్చుకోగానే బ్రేక్ రూంలో పక్కన చేరి అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "అక్కా, చదువుకుంటూ సీఎన్ఏగా చేయమంటారా, చదువు మీదే ఉండమంటారా?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉద్యోగం చేసే అనుమతి ఉండి, కోర్సు మామూలు వేగంతో నడిచేదైతే చేయమనే అంటాను. వారానికి ఒక షిఫ్టు, మహా అయితే రెండు. కుదిరితే హాస్పిటల్లో, అదీ రేపు నర్సుగా చేరాలనుకుంటున్న హాస్పిటల్లో. కేవలం డబ్బు కోసమైతే మాత్రం వద్దంటాను. ఆ లెక్క ఎందుకు కుదరదో కింద చూపిస్తాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సీఎన్ఏ అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, బాత్రూంకి నడిపించడం, తినిపించడం, మంచం మీద పక్కకు తిప్పడం, బీపీ, టెంపరేచర్ లాంటి వైటల్స్ తీయడం, ఎన్ని నీళ్లు తాగారో ఎంత యూరిన్ వచ్చిందో రాయడం, ఇదీ పని. 1987లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం కనీసం 75 గంటల ట్రైనింగ్ ఉండాలి, అందులో 16 గంటలు చేత్తో చేసి నేర్చుకోవాలి. చాలా రాష్ట్రాలు ఇంకా ఎక్కువే అడుగుతాయి: టెక్సాస్‌లో 100 గంటలు, ఇల్లినాయ్‌లో 120, కాలిఫోర్నియాలో 160. ఆ తర్వాత రెండు భాగాల పరీక్ష, ఒకటి రాతపరీక్ష, ఒకటి స్కిల్స్. పాసైతే పేరు రాష్ట్ర రిజిస్ట్రీలోకి ఎక్కుతుంది. నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లో ఫండమెంటల్స్ అనే తొలి కోర్సు పూర్తిచేసిన వాళ్లని మళ్లీ ఆ క్లాసులో కూర్చోబెట్టకుండా నేరుగా పరీక్ష రాయనిచ్చే రాష్ట్రాలూ ఉన్నాయి. అందుకని ఫీజు కట్టే ముందు మీ రాష్ట్రం రూలు చూసుకోండి.

వీసా సంగతి ముందు తేల్చుకోండి

సిటిజన్లకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ భాగంతో పని లేదు. మిగతావాళ్లకి అసలు నిర్ణయం ఇక్కడే జరిగిపోతుంది.

హెచ్4 (హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవారి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న భార్యకైనా భర్తకైనా చేతిలో ఈఏడీ, అంటే పని చేయడానికి అనుమతి కార్డు, ఉంటేనే ఉద్యోగం. 2015లో వచ్చిన రూలు ప్రకారం, హెచ్1బీ మీద ఉన్నవారికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే జీవిత భాగస్వామి ఈఏడీకి అప్లై చేసుకోవచ్చు. అప్లై చేశాం కదా, రేపో మాపో వస్తుంది కదా అని షిఫ్టుకి వెళ్లకూడదు. అనుమతి గడువు ముగిసిన మర్నాడు కూడా వెళ్లకూడదు.

మన ఇళ్లలో ఎక్కువమందికి తెలియనిది పిల్లల సంగతి. మూడో ఏటో నాలుగో ఏటో అమ్మానాన్నలతో వచ్చి, ఇక్కడే హైస్కూల్ చదివి, నర్సింగ్‌లో చేరిన హెచ్4 పిల్లలకి ఆ ఈఏడీ రాదు. అది భార్యాభర్తలకే. వాళ్లు చదువుకోవచ్చు. క్లినికల్స్‌కి వెళ్లొచ్చు, ఎందుకంటే అది జీతం లేని పని, కోర్సులో భాగం. జీతం తీసుకునే సీఎన్ఏ ఉద్యోగం మాత్రం కుదరదు. క్లాసులో అందరూ చేస్తున్నారు, మా అమ్మాయి ఎందుకు చేయకూడదు అని అడిగిన తండ్రులు ఉన్నారు. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు. గ్రీన్ కార్డు క్యూ అంత పొడుగ్గా ఉంది, అంతే. 21 నిండితే పిల్లలకి హెచ్4 ఉండదు, కాబట్టి ఆలోపు ఏం చేయాలన్నది ఇమిగ్రేషన్ లాయర్‌తో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేసే వీలుంది. ఊళ్లో ఉన్న నర్సింగ్ హోంలో (ఇక్కడ ఆ మాటకి అర్థం ముసలివాళ్లు ఉండి సంరక్షణ పొందే చోటు) చేరడానికి అది పనికిరాదు. కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌ఓని అడగకుండా ఎక్కడా సంతకం పెట్టకండి.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది: పెద్దావిడను చూసుకోవడానికి తెలుగు మనిషి కావాలి, వారానికి ఇన్ని రోజులు, క్యాష్ ఇస్తాం. ఎవరూ చూడరులే అనిపిస్తుంది. అనుమతి లేకుండా చేసిన పని తర్వాత స్టేటస్ మార్చుకునేటప్పుడు, గ్రీన్ కార్డు ఫారం నింపేటప్పుడు ప్రశ్నగా ఎదురొస్తుంది. వద్దు. అనుభవం కావాలంటే హాస్పిటల్ వాలంటీర్ ప్రోగ్రాంలో చేరండి. అది కూడా అందరూ ఉచితంగానే చేసే పని అయి ఉండాలి. జీతమిచ్చే పోస్టులో "నాకు జీతం వద్దు" అని చేరితే అది వాలంటీరింగ్ కిందకి రాదు.

డబ్బు లెక్క

2024లో కార్మిక శాఖ చూపిన లెక్క ప్రకారం నర్సింగ్ అసిస్టెంట్ మధ్యస్థ వేతనం గంటకు 19 డాలర్లు, కాస్త అటూ ఇటూ. ఆర్ఎన్‌ది, అంటే రిజిస్టర్డ్ నర్సుది, 45 డాలర్లు. మీరున్న ఊరిని బట్టి ఇది మారుతుంది గానీ రెండింటి మధ్య దూరం మాత్రం అన్నిచోట్లా ఉంటుంది.

పన్నెండు గంటల షిఫ్టులో అరగంట లంచ్‌కి జీతం ఉండదు. అంటే పదకొండున్నర గంటలు, దాదాపు 218 డాలర్లు. వారానికి ఒకటి చొప్పున నెలకి 870 దాకా, అదీ పన్నుకి ముందు. పిల్లలున్న తల్లి అయితే ఆ పన్నెండు గంటలు బిడ్డని ఎవరు చూస్తారు? గంటకి 15 డాలర్లకి మనిషిని పెట్టుకుంటే మిగిలేది పెట్రోలు ఖర్చుకి సరి. అత్తగారో అమ్మో ఇండియా నుంచి వచ్చి ఉన్న ఆరు నెలల్లోనే చాలామందికి ఈ ఉద్యోగం సాగేది అందుకే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. నర్సింగ్ కోర్సుల్లో పాస్ మార్కు చాలాచోట్ల 75కి తక్కువ ఉండదు, కొన్నిచోట్ల 78, 80 కూడా. మెడ్‌సర్జ్‌లో (మెడికల్-సర్జికల్ నర్సింగ్ కోర్సు) ఒక్క మార్కు తగ్గి కోర్సు పోతే, అది మళ్లీ ఎప్పుడు పెడితే అప్పుడే రాయాలి. గ్రాడ్యుయేషన్ ఒక సెమిస్టర్ వెనక్కి పోతుంది. కొత్త ఆర్ఎన్‌కి గంటకు 35 డాలర్లనుకుందాం, వారానికి 36 గంటలు, 16 వారాలు: 20,160 డాలర్లు. వారానికో షిఫ్టు చొప్పున సీఎన్ఏగా ఏడాదంతా చేసినా వచ్చేది అందులో ఇంచుమించు సగం. ఒక్క కోర్సు పోతే రెండేళ్ల సీఎన్ఏ సంపాదన పోయినట్టే. అందుకే డబ్బు కోసం గంటలు పెంచుకుంటూ పోవద్దని అంత గట్టిగా చెబుతున్నాను. అద్దెకీ తిండికీ ఆ జీతమే ఆధారమైనవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లు ముందు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో కూర్చుని, కోర్సుల సంఖ్య తగ్గించి పార్ట్‌టైంగా చదివే వీలుందేమో అడగాలి.

జీతం కంటే విలువైనది ఒకటుంది, అది ఎక్కువమంది అడగరు. కొన్ని హాస్పిటళ్లు సీఎన్ఏలకి కూడా ట్యూషన్ సాయం ఇస్తాయి. ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఆ సాయం మీద ఫెడరల్ పన్ను పడదు. కమ్యూనిటీ కాలేజీ ఫీజులో అది పెద్ద భాగమే. దానికి వారానికి కనీసం ఎన్ని గంటలు చేయాలి, చేరిన ఎన్ని నెలలకి మొదలవుతుంది, గ్రాడ్యుయేట్ అయ్యాక ఎన్నేళ్లు అక్కడే ఉండాలి, ఈ మూడూ కాగితం మీద చూసుకున్నాకే సరేనండి. చేరగానే ఇచ్చే బోనస్‌కి కూడా ఇదే మాట. మధ్యలో మానేస్తే వెనక్కి కట్టమంటారు.

ట్రైనింగ్ ఫీజు విషయంలో నర్సింగ్ హోంలతో ఒక మేలుంది. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలు తీసుకునే నర్సింగ్ హోం తన దగ్గర పనిలో ఉన్నవాళ్ల నుంచి గానీ, ఆఫర్ ఇచ్చినవాళ్ల నుంచి గానీ ట్రైనింగ్‌కి ఫీజు వసూలు చేయకూడదు. మీ డబ్బుతో కోర్సు చేసి, 12 నెలల్లోపు అలాంటి చోట చేరితే ఆ ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటు రాష్ట్రం చేయాలి. ఈ సంగతి తెలియక చేతి నుంచి వెయ్యి డాలర్లు పెట్టుకుని, రసీదు కూడా దాచుకోనివాళ్లే ఎక్కువ.

నర్సింగ్ హోమా, హాస్పిటలా?

అసలు తేడా అంతా ఇక్కడ ఉంది. సీఎన్ఏ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు జీవితాలు ఉన్నాయి.

నర్సింగ్ హోంలో ఉద్యోగం తేలిగ్గా దొరుకుతుంది. సర్టిఫికెట్ చేతికి వచ్చిన వారంలో పిలుస్తారు. అక్కడున్నవాళ్లని పేషెంట్లనరు, రెసిడెంట్లంటారు, ఎందుకంటే అదే వాళ్ల ఇల్లు. అవే ముఖాలు, అవే గదులు, నెలల తరబడి. పగటి షిఫ్టులో ఎనిమిది, పది మంది ఒక్కరి కింద ఉండటం మామూలు. రాత్రి ఇంకా ఎక్కువ. ఎవరైనా కాల్ అవుట్ చేస్తే, అంటే రాలేనని ఫోన్ చేస్తే, వాళ్ల గదులూ మీకే పంచుతారు. నడుం మీద భారం నిజమైన భారం. మనిషిని చేత్తో ఎత్తడానికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన పరిమితి 35 పౌండ్లు. ఏ మనిషి కాలు, నడుమూ కలిపి ఎత్తినా అది దాటిపోతుంది. కాబట్టి హోయర్ లిఫ్ట్ (మనిషిని ఎత్తే యంత్రం) వాడాలి, రెండో మనిషి వచ్చేదాకా ఆగాలి. హడావుడిలో "నేనొక్కదాన్నే ఎత్తేస్తాలే" అన్న రోజే డిస్క్ జారుతుంది, నర్సింగ్ లైసెన్స్ రాకముందే.

అలాగని నర్సింగ్ హోంని తీసిపారేయను. ముసలివాళ్ల శరీరం ఎలా ఉంటుందో అంత దగ్గరగా ఇంకెక్కడా నేర్చుకోలేం. తెల్లవారుజామున ఐదింటికి ఒక పెద్దాయన్ని పక్కకు తిప్పుతారు. నడుం కింద ఎముక ఉన్నచోట ఎర్రటి మచ్చ. వేలితో నొక్కి వదులుతారు. మామూలుగా తెల్లబడి మళ్లీ రంగు తిరగాలి. ఇది తెల్లబడలేదు, ఎర్రగానే ఉంది. చర్మం చిట్లలేదు, పుండేమీ కనిపించడం లేదు. అదే స్టేజ్ 1 ప్రెషర్ ఇంజురీ. పుస్తకంలో నాలుగు లైన్లు, నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో ఒక ప్రశ్న. దాన్ని ఆ చీకట్లో టార్చి వేసి చూసి, నర్సుకి చెప్పి, ఆ రాత్రి నుంచి రెండేసి గంటలకి తిప్పడం ఎందుకో తెలుసుకున్న స్టూడెంట్ ఆ ప్రశ్నని ఇక మర్చిపోవడం జరగదు. నల్లని, చామనచాయ చర్మం మీద ఆ ఎరుపు సరిగా కనిపించదని, వేడి, గట్టిదనం తడిమి చూడాలని కూడా అక్కడే తెలుస్తుంది.

హాస్పిటల్లో ఇదే ఉద్యోగాన్ని పీసీటీ (పేషెంట్ కేర్ టెక్నీషియన్) అనో, టెక్ అనో పిలుస్తారు. దొరకడం కష్టం, కొన్నిచోట్ల ముందు కొంత అనుభవం అడుగుతారు. రక్తం తీయడం, ఈకేజీ (ఈసీజీ) పెట్టడం నేర్పుతారు. రోగులు రోజురోజుకీ మారతారు. నాకు దీని మీద మొగ్గు ఎక్కువ ఉండటానికి కారణం మాత్రం అది కాదు. నర్సు ఆలోచించడం కళ్లారా చూడగలిగేది ఇక్కడే.

ఒక రాత్రి మా ఫ్లోర్‌లో జరిగింది చెబుతాను. నాలుగింటి వైటల్స్ తీసే టైం. ఊపిరి లెక్క దగ్గర చాలామంది చేసే పని ఒకటుంది: లెక్కపెట్టకుండా 18 అని రాసేస్తారు. చార్ట్ తెరిస్తే అందరికీ 18, 18, 18. ఆ రాత్రి మాతో ఉన్న టెక్ నర్సింగ్ రెండో సెమిస్టర్ చదువుతోంది. ఆమె దుప్పటి కాస్త దించి, గోడ మీద గడియారం చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది. 28, మామూలు కంటే చాలా ఎక్కువ. టెంపరేచర్ పెద్దగా లేదు, బీపీ ఫర్వాలేదు, పేషెంట్ నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మళ్లీ లెక్కపెట్టింది, మళ్లీ అంతే. వచ్చి చెప్పింది. నేను వెళ్లి చూసి, లేపితే మాట తడబడుతోంది. రాపిడ్ రెస్పాన్స్ అనే అత్యవసర బృందాన్ని పిలిచాం, గంటలో ఐసీయూకి వెళ్లాడు, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాద స్థితి) అని తేలింది. నేను డాక్టర్‌తో ఫోన్లో ఏ వరసలో ఏం చెప్పానో ఆమె పక్కనే నిలబడి విన్నది. ఆ ఐదు నిమిషాలు ఏ సిమ్యులేషన్ ల్యాబూ ఇవ్వలేదు.

ఇంకొక పెద్ద లాభం, గ్రాడ్యుయేషన్ దగ్గర పడ్డాక తెలుస్తుంది. కొత్త నర్సులని తీసుకునేటప్పుడు తమ ఫ్లోర్‌లో పనిచేసిన టెక్‌ని మేనేజర్ ముందు పిలుస్తుంది. టైంకి వస్తుందా, కాల్ లైట్ మోగితే లేస్తుందా, ఇవన్నీ ఆమెకి తెలుసు. మనవాళ్లలో చాలామందికి ఈ దేశంలో రిఫరెన్స్ ఇచ్చే మనిషి దొరకడమే కష్టం. కెరీర్ మార్చుకుని వచ్చినవాళ్లకైతే మరీను. ఆ ఒక్క కారణానికే నేను హాస్పిటల్ షిఫ్టుకి ఓటేస్తాను, జీతం నర్సింగ్ హోం కంటే డాలరు తక్కువైనా సరే.

మిగతావి త్వరగా చెబుతాను. హోం హెల్త్ ఎయిడ్‌గా ఇళ్లకి వెళ్లే పనికి వేళలు బాగా కుదురుతాయి గానీ అక్కడ మీరొక్కరే. నేర్పేవాళ్లు, చూసి నేర్చుకునేవాళ్లు ఎవరూ ఉండరు. సిట్టర్ ఉద్యోగం, అంటే మతి స్థిమితం లేని పేషెంట్ పడిపోకుండా పక్కన కూర్చునే పని, చూడ్డానికి చదువుకోవడానికి అనువుగా కనిపిస్తుంది. ఆశ పెట్టుకోకండి. కన్ను తిప్పకూడదనే కదా మిమ్మల్ని పెట్టింది. యూనిట్ సెక్రటరీ పని నడుం బాగాలేనివాళ్లకి మంచిది. ఫోన్లు, ఆర్డర్లు, డాక్టర్ల పేర్లు, ఫ్లోర్ నడిచే తీరు అన్నీ తెలుస్తాయి.

నర్స్ ఎక్స్‌టర్న్ అనేది వేరే స్థాయి. కోర్సులో సగం దాటాక, ఎక్కువగా ఆఖరి ఏడాదికి ముందు వేసవిలో, హాస్పిటళ్లు స్టూడెంట్లని తీసుకుని ఒక నర్సుకి జత చేస్తాయి. ఏ పనులు చేయనిస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. సీఎన్ఏగా రెండేళ్లు చేసే తీరిక లేనివాళ్లు ఈ ఒక్క వేసవినీ పట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఏ దశలో చేరాలి

అన్నిటికంటే మంచి కాలం ప్రీరిక్విజిట్స్, అంటే నర్సింగ్‌కి ముందు పూర్తి చేయాల్సిన కోర్సులు, చదివేటప్పుడు. అనాటమీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ చేస్తూ, నర్సింగ్ సీటు కోసం ఎదురుచూసే ఆ ఏడాది. క్లినికల్స్ లేవు, తెల్లవారుజామున లేచి పరిగెత్తే పని లేదు. అప్పుడు చేరితే ముఖ్యమైన సంగతి ఒకటి తేలిపోతుంది: ఈ వృత్తి మీకు సరిపడుతుందా లేదా. వాంతి వాసన, చచ్చిపోతున్న మనిషి పక్కన నిలబడటం, అరిచే పేషెంట్‌తో మెల్లగా మాట్లాడటం, ఇవన్నీ ఫీజు కట్టకముందే తెలిస్తే మంచిది. సీటుకి అప్లై చేయాలంటే సీఎన్ఏ సర్టిఫికెట్ ఉండాలనే కమ్యూనిటీ కాలేజీలు కూడా కొన్ని ఉన్నాయి.

మొదటి నర్సింగ్ సెమిస్టర్‌లో కొత్తగా చేరొద్దు. నర్సింగ్ ప్రశ్నలకి నాలుగు జవాబులూ సరైనవే అనిపిస్తాయి, అందులో అన్నిటికంటే సరైనది ఏరాలి. ఇండియాలో ఇంజినీరింగ్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నవాళ్లు కూడా మొదటి పరీక్షలో 68 చూసి బిక్కచచ్చిపోతారు. ఆ పద్ధతి అలవాటు అయ్యేదాకా ఆదివారాలు చదువుకే ఉంచండి. ముందు నుంచే పనిలో ఉన్నవాళ్లు ఆ సెమిస్టర్‌కి పీఆర్ఎన్‌కి, అంటే అవసరమైనప్పుడే పిలిచే పద్ధతికి, మారితే సరి. నెలకి ఒకటో రెండో షిఫ్టులు చేసి పేరు నిలుపుకోవచ్చు.

మొదటి సెమిస్టర్ మార్కులు చూశాక నిర్ణయించుకోండి. పాస్ మార్కు కంటే ఏడెనిమిది పైన ఉంటే వారానికో షిఫ్టు మోయగలరు. అంచున ఉంటే ఆగండి.

ఏబీఎస్ఎన్, అంటే డిగ్రీ ఉన్నవాళ్లు ఏడాది, ఏడాదిన్నరలో ముగించే కోర్సు, అందులో చేరినవాళ్లకి నా జవాబు ఒక్కటే: పని వద్దు. బీటెక్ చేసి వచ్చిన మన ఆడవాళ్లలో ఎక్కువమంది పట్టేది ఈ దారే. రెండేళ్ల చదువుని కుదించి పెట్టిన కోర్సు అది. ఇల్లు, పిల్లలు, అది కాక షిఫ్టు, ఈ మూడూ కలిసి ఎవరినైనా పడగొడతాయి.

పరీక్షకి ఎంత సాయం, ఎంత చిక్కు

ఎన్‌క్లెక్స్‌లో డెలిగేషన్ ప్రశ్నలంటే స్టూడెంట్లు హడలిపోతారు. ఏ పని సీఎన్ఏకి అప్పగించొచ్చు, ఏది నర్సే చేయాలి? సీఎన్ఏగా చేసినవాళ్లకి ఇది చేతిలో పని. నిలకడగా ఉన్న పేషెంట్ వైటల్స్ తీయొచ్చు. ఆపరేషన్ థియేటర్ నుంచి అప్పుడే వచ్చినవాళ్లని మొదట చూసేది నర్సే. తినిపించొచ్చు, కానీ స్ట్రోక్ వచ్చి మింగలేని మనిషికి మొదటి ముద్ద పెట్టేది సీఎన్ఏ కాదు. కింద నుంచి చూసినవాళ్లకి ఈ గీత ఎక్కడుందో బాగా గుర్తుంటుంది.

చిక్కు కూడా అక్కడే. పరీక్ష అడిగేది అంతా సవ్యంగా ఉన్న హాస్పిటల్ గురించి: చాలినంత మంది ఉన్నారు, మీ ముందు ఒక్కడే పేషెంట్ ఉన్నాడు. ఫ్లోర్‌లో నేర్చిన అడ్డదారులు పరీక్ష హాల్లో చేతికి అడ్డం పడతాయి. "మా దగ్గర ఇలా చేస్తారు" అని తప్పు జవాబు పెట్టే సీఎన్ఏలు ఉన్నారు. షిఫ్టులో చూసిన ప్రతి పనికీ పుస్తకంలో ఏముందో ఆ రాత్రే చూసుకోవడం అలవాటు చేసుకుంటే ఈ చిక్కు తప్పుతుంది.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి. సీఎన్ఏ బ్యాడ్జి వేసుకున్నంతసేపూ మీరు సీఎన్ఏనే. స్కూల్లో ఇన్సులిన్ ఇవ్వడం నేర్చుకుని ఉండొచ్చు, కాథెటర్ పెట్టడం వచ్చి ఉండొచ్చు. బిజీగా ఉన్న నర్సు "నువ్వు స్టూడెంట్‌వే కదా, ఇచ్చేయ్" అన్నా ఇవ్వకండి. ఏదైనా జరిగితే సర్టిఫికెట్టూ పోతుంది, నర్సింగ్ సీటుకీ ఎసరు వస్తుంది.

తెలుగువాళ్లకి దీనికి తోడు ఇంకొకటి వస్తుంది. కొడుకు దగ్గరికి వచ్చి హాస్పిటల్ పాలైన గుంటూరు పెద్దాయనో, కరీంనగర్ అమ్మమ్మో ఫ్లోర్‌లో ఉంటే, ఇంగ్లిష్ రాకపోతే, వెంటనే మిమ్మల్ని పిలుస్తారు. మంచినీళ్లు కావాలా తాతయ్యా, చలేస్తోందా అమ్మా అని అడగండి, ఆ ఒక్క పలకరింపుతో వాళ్ల ముఖం మారిపోతుంది. ఆపరేషన్‌కి ఒప్పుకోలు, మందుల వివరం, రోగం పేరు, ఇవి మాత్రం హాస్పిటల్ ఇంటర్‌ప్రెటర్ లైనే చెప్పాలి. అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయాల్సిన బాధ్యత చట్ట ప్రకారం హాస్పిటల్‌ది. మీరు మొహమాటపడాల్సిన పని లేదు.

ఇంట్లో వచ్చే మాట

"ఎంసీఏ చదివి డైపర్లు మార్చడానికా?" ఈ మాట ఫోన్లో అత్తగారి నుంచో, సొంత నాన్న నుంచో వస్తుంది. వాళ్ల మనసులో ఉన్నది మన ఊరి ఆసుపత్రి. అక్కడ నర్సమ్మ సూది వేస్తుంది, ఆయా మంచం శుభ్రం చేస్తుంది, ఆ రెండు పనుల మధ్య పెద్ద గోడ ఉంది. ఇక్కడ ఆ గోడ లేదు. ఐసీయూలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నర్సు కూడా పేషెంట్‌ని తిప్పి తుడుస్తుంది, ఎందుకంటే చర్మం, శ్వాస, నొప్పి అన్నీ అప్పుడే కనిపిస్తాయి. ఆ పని అంటే ఏవగింపు ఉన్నవాళ్లకి సీఎన్ఏ ఉద్యోగమే కాదు, అమెరికాలో నర్సింగే కష్టం. ఇంట్లోవాళ్లకి ఇది చదువులో మొదటి మెట్టని, రెండేళ్లలో ఆర్ఎన్ అవుతానని ఒకసారి వివరంగా చెప్పండి. ఒప్పుకోకపోయినా సరే, సిగ్గుపడాల్సిన పని కాదిది. మా ఫ్లోర్‌లో అందరికంటే ఎక్కువ సేపు పేషెంట్ పక్కన ఉండేది సీఎన్ఏనే, నేను ఆమె చెప్పే మాట మీద ఆధారపడి పని చేస్తాను.

చేరే ముందు, చేరాక

ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడగండి: ఒక షిఫ్టులో నా కింద ఎంతమంది ఉంటారు? లిఫ్ట్ యంత్రాలు ఎన్ని పనిచేస్తున్నాయి? ఫైనల్స్ వారంలో సెలవు ఇస్తారా? నా తర్వాత రావాల్సిన మనిషి రాకపోతే నన్ను ఆపుతారా? ఓరియంటేషన్ ఎన్ని షిఫ్టులు? రెండు రోజులు చూపించి మూడో రోజు పది మందిని అప్పగించే చోట చేరకండి. జవాబు నాన్చినా చేరకండి, ఇంకో నాలుగు చోట్ల ఖాళీలు ఉంటాయి.

క్లినికల్ రోజుకి ముందు రాత్రి షిఫ్టు పెట్టించుకోకండి. రాత్రంతా మేల్కొని ఉదయం ఆరూ నలభై అయిదుకి స్టూడెంట్ యూనిఫాంలో నిలబడితే పేషెంట్‌కే ప్రమాదం, అలా రావడాన్ని నిషేధించిన స్కూళ్లూ ఉన్నాయి. ఒకసారి రిజిస్ట్రీలో పేరు ఎక్కాక వరసగా 24 నెలలు జీతం తీసుకుంటూ నర్సింగ్‌కి సంబంధించిన పని ఏదీ చేయకపోతే మళ్లీ ట్రైనింగో పరీక్షో అవసరమవుతుంది. మానేసేవాళ్లు ఈ గడువు గుర్తుంచుకోండి.

మధ్యలో మార్కులు తగ్గితే ఆ వారమే మేనేజర్‌ని కలవండి. చాలామంది మేనేజర్లు నర్సులే, వాళ్లూ ఈ దారినే వచ్చినవాళ్లు. గంటలు తగ్గించమని గానీ, పీఆర్ఎన్‌కి మార్చమని గానీ అడిగితే తప్పుగా అనుకోరు. షెడ్యూల్ వేసేశాక వరసగా కాల్ అవుట్లు చేస్తేనే పేరు పోతుంది, రేపు నర్సుగా అప్లై చేసినప్పుడు అది ఫైల్లో కనిపిస్తుంది. పూర్తిగా మానేయాల్సి వస్తే రెండు వారాల నోటీసు రాసి ఇచ్చి, మళ్లీ తీసుకునే వీలు ఉంచమని అడగండి.

ఏ షిఫ్టూ చేయకుండా చదువుకునే వాళ్లు క్లినికల్స్‌నే గట్టిగా వాడుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్ కోసం ఎదురుచూస్తూ గోడకి ఆనుకుని నిలబడొద్దు. కాల్ లైట్ వెలిగితే మీరే వెళ్లండి, ఫ్లోర్‌లో ఉన్న సీఎన్ఏని అడిగి ఆమెతో కలిసి స్నానాలు చేయించండి, బాగా మాట్లాడే నర్సు పేరు, యూనిట్ మేనేజర్ పేరు రాసుకోండి. వేసవి ఎక్స్‌టర్న్‌షిప్‌ల నోటిఫికేషన్లు చాలాచోట్ల చలికాలంలోనే పడతాయి, కొన్ని జనవరిలో తెరిచి వారాల్లో మూసేస్తారు. డిసెంబర్ సెలవుల్లో రెజ్యూమె సిద్ధం చేసుకుని, క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌ని రికమెండేషన్ లెటర్ అప్పుడే అడిగి పెట్టుకోండి.